గ్యాలరీ అరలో ఉన్నా ఆ కప్పు మీదే

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. మూడేళ్లుగా స్టోన్‌వేర్ (బాగా వేడిలో కాల్చి రాయిలా గట్టిపరిచిన మట్టి) కప్పులు, గిన్నెలు, పూలజాడీలు చేస్తున్నారు. ఇప్పటిదాకా తెలిసినవాళ్లకీ, ఆన్‌లైన్‌లోనూ అమ్ముకున్నారు. ఇప్పుడొక గ్యాలరీ నలభై వస్తువులు పంపమంటోంది. కన్‌సైన్‌మెంట్ పద్ధతి, అంటే ముందు డబ్బేమీ ఉండదు, అమ్ముడయ్యాక సగం వాళ్లకి, సగం మీకు. కాగితం సంగతి ఎత్తితే "మనలో మనకి అగ్రిమెంట్లెందుకండీ" అన్నారు. ఒప్పుకోవాలా, 50 శాతం మరీ ఎక్కువ కాదా, పగిలితే ఎవరు కట్టుకోవాలి, ఆన్‌లైన్ అమ్మకం ఆపేయాలా అన్నవి మీ సందేహాలు.

కుండబద్దలు కొట్టినట్టు చెబుతాను (మన వృత్తిలో ఈ మాట వాడాలంటే ఒళ్లు జలదరిస్తుంది, అయినా సరే). గ్యాలరీకి ఒప్పుకోండి. నలభైకి ఒప్పుకోకండి. కాగితం లేకుండా ఒక్కటి కూడా పంపకండి. ఇక ఆ 50 శాతం గురించి మీరు పడుతున్న టెన్షన్‌లో సగం అనవసరం.

నేను పద్దెనిమిదేళ్లుగా గ్యాలరీలకి ఇస్తున్నాను. కొన్నింటితో ఇప్పటికీ చక్కగా సాగుతోంది, కొన్నిచోట్ల చేతులు కాల్చుకున్నాను. మొదటిసారి కాల్చుకున్నది మీలాంటి పరిస్థితిలోనే. అరవై వస్తువులు బండిలో వేసుకుని వెళ్లి, అక్కడే విప్పి, వాళ్లే అరల్లో సర్దుతుంటే పక్కన నిలబడి మురిసిపోయి వచ్చేశాను. చిట్టా లేదు, సంతకం లేదు. ఏడాదిన్నర తర్వాత వాళ్లు చోటు ఖాళీ చేస్తున్నామన్నారు. వెనక్కి వచ్చినవి నలభై ఒకటి. అందులో ఎనిమిదింటికి అంచులు పెచ్చులూడాయి. అప్పటిదాకా నాకు డబ్బు ముట్టింది పదకొండింటికి. మిగతా ఎనిమిదీ ఏమయ్యాయని అడిగితే "మీరు తెచ్చినవి యాభై రెండే కదండీ" అన్నారు. నేను అరవై అన్నాను. ఆయన మోసగాడని ఈనాటికీ అనుకోను. ఆయనకి నిజంగానే గుర్తులేదు. గుర్తులేనప్పుడు ఎవరి లెక్క వాళ్లకి అనుకూలంగానే తోస్తుంది, నాతో సహా. "కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు" అని సామెత ఉంది కదా. ఆ గుదియ పని చిట్టా లేకపోవడం కూడా చేస్తుంది.

అసలు సంగతి అక్కడే ఉంది. కన్‌సైన్‌మెంట్‌లో పెట్టిన వస్తువు అమ్ముడయ్యేదాకా మీ సొత్తే. గ్యాలరీ దాన్ని కొనలేదు, తన దగ్గర ఉంచుకుంది. చెప్పడానికి ఇంత తేలికైన విషయాన్ని చాలామంది ఆచరణలో మర్చిపోతారు. పంపేశాక అది "వాళ్ల దగ్గరుంది" అనుకుని ఊరుకుంటారు. మీ ఇంట్లో బీరువాలో దాచుకున్నది ఎలా చూసుకుంటారో, మరొకరి అరలో ఉన్నదాన్నీ అలాగే చూసుకోవాలి. ఎన్ని ఉన్నాయి, ఎక్కడున్నాయి, ఏ స్థితిలో ఉన్నాయి అన్నది ఎప్పుడడిగినా మీరు చెప్పగలగాలి.

ఇప్పుడు ఆ 50 శాతం. గ్యాలరీలో ధర వంద అనుకుందాం. యాభై మీకొస్తుంది. అందులోంచి మట్టి, గ్లేజ్ (పైన వేసే గాజులాంటి పూత) పదార్థాలు, బిస్క్‌కి (పూత వేయకముందు చేసే మొదటి కాల్పు) ఒకసారి, గ్లేజ్‌కి ఒకసారి కాల్చిన ఖర్చు, ప్యాకింగ్, రవాణా తీసేయాలి. కిల్న్‌లో (కుండలు కాల్చే బట్టీలో) పోయినవాటి ఖర్చు కూడా కలపాలి. పదింట్లో ఒకటి పగుళ్లిచ్చినా, గ్లేజ్ కారి షెల్ఫ్‌కి అంటుకున్నా దాని బరువు మిగతా తొమ్మిదీ మోయాల్సిందే. ఇవన్నీ పోగా మిగిలిందే మీ కూలి. ఆ కూలి మీకు సమ్మతమైతే 50 శాతం పెద్ద సమస్య కాదు. సమ్మతం కాకపోతే తప్పు కమీషన్‌లో లేదు, మీ ధరలో ఉంది. తెలిసినవాళ్లకి అమ్మి అలవాటైనవాళ్లు ధర తక్కువ వేసుకుంటారు, ఎందుకంటే అమ్మే పనికి కూలి లెక్కవేయరు. ఫొటో తీయడం, మెసేజ్‌లకి జవాబివ్వడం, రెండుసార్లు చుట్టి పార్సిల్ చేయడం, "ఇంకో రంగులో ఉందా" అనేవాళ్లతో అరగంట మాట్లాడటం కూడా పనే. గ్యాలరీ ఆ పనిచేసి దానికి డబ్బు తీసుకుంటోంది.

అలాగని ఏ గ్యాలరీకైనా 50 ఇచ్చేయమని కాదు. 40 నుంచి 50 శాతం దాకా కమీషన్ మామూలే. కానీ ఒక్కసారి ఇలా చూడండి. ఏదైనా షాపు మీ దగ్గర టోకున కొన్నా దాదాపు సగం ధరకే కొంటుంది. అంటే మీకొచ్చేది అదే యాభై. తేడా ఏమిటంటే, టోకు కొనేవాడు సరుకు తీసుకున్న రోజునో, నెలలోపో డబ్బిస్తాడు. అమ్ముడుపోకపోతే నష్టం అతనిది. కన్‌సైన్‌మెంట్‌లో అదే యాభై ఎప్పుడొస్తుందో తెలియదు, వస్తుందో రాదో కూడా తెలియదు, ఈలోగా సరుకు మీద పెట్టుబడి మీది. కాబట్టి సగం అడిగే గ్యాలరీ ఆ తేడాకి తగ్గది ఏదో చేసి చూపించాలి. మంచి వెలుతురులో పెట్టాలి. కొనేవాళ్లకి ఆ పని గురించి చెప్పగలిగిన మనిషి అక్కడ ఉండాలి. ప్రదర్శనలు పెట్టాలి, బీమా ఉండాలి, ఫొటోలు తీయించాలి. ఇవన్నీ ఉన్న గ్యాలరీకి నేను సంతోషంగా 50 ఇస్తాను. ఒక మూల అరలో పెట్టి, అడిగినప్పుడు బిల్లు కొట్టే చోటుకి 40 కూడా ఎక్కువే. అలాంటిచోట "మీరే కొనేసుకోండి, సగం ధరకి ఇస్తాను, ఓ పది తీసుకోండి" అని అడిగి చూడండి. వాళ్ల నమ్మకం ఎంతో అప్పుడే తెలిసిపోతుంది.

అడగటానికి ముందు మీరొక పని చేయాలి. ఆ గ్యాలరీకి కొనడానికొచ్చినట్టు వెళ్లండి. మట్టి వస్తువులు ఎక్కడ పెట్టారో, వాటి మీద దుమ్ము ఉందో లేదో చూడండి. ఒక గిన్నెని తీసి తిరగేసి, దాని గురించి ఏదైనా అడగండి. "ఇది ఎంత వేడిలో కాల్చారు, దీంట్లో వేడి వస్తువు పోయొచ్చా" అంటే వాళ్లేం చెబుతారో వినండి. తెలియకపోయినా "కనుక్కుని చెబుతాను" అంటే మంచిదే. "అంతా చేత్తో చేసిందేనండీ" అని తేల్చేస్తే మీ పనినీ అలాగే అమ్ముతారు. ఆ తర్వాత అక్కడ వస్తువులు పెట్టిన ఇద్దరు ముగ్గురు కళాకారులకి ఫోన్ చేసి ఒక్క ప్రశ్న అడగండి: "డబ్బు అడక్కుండా వస్తోందా?" జవాబిచ్చే ముందు వాళ్లు ఎంతసేపు ఆగారన్నది కూడా గమనించండి.

ఇక కాగితం. "మనలో మనకెందుకు" అన్నవాళ్లు చెడ్డవాళ్లు కానక్కర్లేదు, చాలామందికి రాయడమంటే బద్ధకం. అందుకే మీరే రాసుకెళ్లండి. మొహమాటం పడితే ఇలా అనొచ్చు: "నాకు లెక్కలు గుర్తుండవండీ, నా కోసమే ఇది." నేను ఇప్పటికీ అదే అంటాను, ఇంతవరకు ఎవరూ కాదనలేదు. కాదన్నవాళ్లుంటే ఆ కాదనడంలోనే మీకు కావాల్సిన జవాబు ఉంది.

నా కాగితం ఒక పేజీ దాటదు. మొదటి మాట, అమ్ముడై డబ్బు ముట్టేదాకా వస్తువులు నావే అని. తర్వాత కమీషన్ ఎంత, నా వాటా ఏ తారీఖుకి ఇవ్వాలి. నెలలో అమ్ముడైనవాటి లెక్క, డబ్బు వచ్చే నెల 15లోగా అని రాస్తాను. డిస్కౌంట్ గురించి తప్పకుండా ఉండాలి, ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. గ్యాలరీ తన పాత కొనుగోలుదారుకి 20 శాతం తగ్గించి వందది ఎనభైకి ఇచ్చిందనుకోండి. మీకు నలభై ఇవ్వాలా, యాభై ఇవ్వాలా? రాసుకోకపోతే నలభై వస్తుంది. వాళ్ల స్నేహానికి పది మీరు కట్టినట్టు. నా కాగితంలో 10 శాతం దాకా తగ్గింపు ఇద్దరం చెరిసగం భరిస్తాం, అంతకు మించితే వాళ్ల వాటాలోంచే, లేదంటే ముందు నన్ను అడగాలి.

పగిలినా, పోయినా నా వాటా మొత్తం ఇవ్వాలి అన్నది మరో మాట. మట్టి ఖరీదు కాదు, అమ్ముడైతే నాకెంత వచ్చేదో అంత. కొందరు "కస్టమర్ చెయ్యి తగిలి పడిపోతే మేమేం చేస్తాం" అంటారు. అరలు వాళ్లవి, కస్టమర్ వాళ్ల మనిషి, బీమా చేయించగలిగింది వాళ్లు. మీరు అక్కడ లేరు. ఈ ఒక్కదాని మీద నేను వెనక్కి తగ్గను. బదులుగా, దారిలో పగిలితే బాధ్యత నాది. అందిన మూడు రోజుల్లో విప్పి చూసి ఫొటో పంపాలి, ఆ తర్వాత కనిపించిన దెబ్బ వాళ్ల ఖాతాలోకి వస్తుంది.

ఎన్నాళ్లు అన్నది కూడా రాయండి. మొదటిసారి మూడు నెలలు చాలు. ఎవరు మానుకోవాలన్నా నెల ముందు చెప్పాలి. వెనక్కి పంపే ఖర్చు ఎవరిదో తేల్చుకోండి. పంపేటప్పుడు నాది, తిరిగొచ్చేటప్పుడు వాళ్లది అన్నది నాకు న్యాయంగా తోస్తుంది. వాళ్లే అగ్రిమెంటు ఇస్తే చిన్న అక్షరాల్లో ఒకటి వెతకండి: గడువు ముగిశాక ఇన్ని రోజుల్లో తీసుకెళ్లకపోతే వస్తువులు గ్యాలరీకి చెందుతాయి అని. ఇలాంటి షరతు అరుదేమీ కాదు. ఉంటే కొట్టేయించండి, లేదా కనీసం "రాతపూర్వకంగా చెప్పిన తర్వాత" అన్న మాట చేర్పించండి. పన్ను ఎవరు వసూలు చేసి కట్టాలన్నది దేశాన్ని బట్టి మారుతుంది. దాన్ని మీ అకౌంటెంట్‌ని అడిగి రాయించుకోండి.

"మా దగ్గర తప్ప ఇంకెక్కడా పెట్టొద్దు" అంటే? ఊరికే ఒప్పుకోకండి. ఏదైనా ఇస్తేనే ఏదైనా ఇవ్వాలి. ఏడాదికి ఇన్ని మేమే కొంటామనో, ఏడాదికొక ప్రదర్శన పెడతామనో వాళ్లు రాసిస్తే, ఆ ఊరి వరకు, ఆ రకం వస్తువుల వరకు ఒప్పుకోవచ్చు.

అగ్రిమెంటు కన్నా నాకు ముఖ్యమైనది దానికి జతచేసే చిట్టా. ఒక్కో వస్తువుకి నంబరు, ఏమిటది, ఎత్తు, రంగు, అమ్మే ధర, నా వాటా. రెండు ప్రతులు. అక్కడే ఒక్కొక్కటీ చూపించి టిక్కు పెట్టించి, కింద ఇద్దరూ సంతకం. అరగంట పనే. ఈ నంబరు వస్తువు మీదే ఉండాలి. స్టిక్కర్లు ఊడిపోతాయి. నేను బిస్క్ అయ్యాక అడుగున అండర్‌గ్లేజ్ పెన్సిల్‌తో (కాల్చినా రంగు నిలిచే పెన్సిల్) రాస్తాను, గ్లేజ్ వేయని చోట. రెండంకెల సంవత్సరం, ఎన్నో కిల్న్ లోడు, అందులో ఎన్నోది. కాల్చాక అది చెరగదు. దీంతో ఇంకో లాభం ఉంది. ఏడాది తర్వాత ఎవరైనా "ఈ నీలం మళ్లీ కావాలి" అంటే ఆ నంబరు చూసి ఏ లోడులో, కిల్న్‌లో ఏ అరలో పెట్టానో నా పుస్తకంలో వెతుక్కుంటాను. దొరికినా అచ్చం అలాగే వస్తుందని మాట మాత్రం ఇవ్వను. రిడక్షన్‌లో (కిల్న్‌లోకి గాలి తగ్గించి) కాల్చేవాళ్లెవరూ ఇవ్వకూడదు.

మీ ముద్ర కూడా వేయండి. వినయం కొద్దీ వేయనివాళ్లు నాకు తెలుసు. జపాన్‌లో మషికోలో పనిచేసిన హమదా షోజీ తన కుండల మీద సంతకం పెట్టేవాడు కాదు, వాటిని ఉంచే చెక్కపెట్టె మీద రాసేవాడు. ఆయన పనిని చూడగానే గుర్తుపట్టేవాళ్లు ఉన్నారు. మీకూ నాకూ లేరు. గ్యాలరీ అరలో పదిమంది పని పక్కపక్కనే ఉంటుంది. కొన్నామె ఇంటికెళ్లి రెండేళ్లకి మళ్లీ వెతుక్కోవాలంటే అడుగున ఆ చిన్న గుర్తే దిక్కు.

ఆన్‌లైన్ అమ్మకం ఆపనక్కర్లేదు. ధర మాత్రం అంతటా ఒక్కటే ఉండాలి. గ్యాలరీలో వంద, మీ దగ్గర డెబ్బై అని ఒక్కసారి బయటపడితే ఆ గ్యాలరీలో మీ అర మూలకి జరుగుతుంది, తర్వాత మాయమవుతుంది. "నా దగ్గర కమీషన్ లేదు కదా" అనిపించడం సహజం. మీరూ వందకే అమ్మితే కమీషన్ లేక మిగిలే ఆ యాభై మీరు అమ్మకం పని చేసినందుకు కూలి. గ్యాలరీలో చూసి మీకు నేరుగా మెసేజ్ పెట్టేవాళ్లుంటారు: "అక్కడ కొంటే ఎక్కువ కదా, మీరు తగ్గించి ఇవ్వండి." వాళ్లు చూసిన వస్తువే అయితే గ్యాలరీకే పంపించేయండి. నాకు తెలిసిన ఒకామె ప్రతి జాడీలోనూ తన ఫోన్ నంబరున్న కార్డు మడిచి వేసేది. గ్యాలరీ వాళ్లు చూసి ఏమీ అనలేదు. తర్వాతి నెల ఆమె సరుకంతా కట్టి వెనక్కి పంపారు.

ఇప్పుడు వస్తువుల సంగతి. వ్యాపారం మాటల్లో పడి ఇది వెనక్కి వెళ్తుంది కానీ, గ్యాలరీతో సంబంధం చెడేది తరచుగా వస్తువు అడుగు దగ్గర. ఒకసారి నా పూలజాడీలో నీళ్లు పోసి పూలు పెట్టి కిటికీ పక్కన ఉంచారు. రెండు రోజులకి కింద చెక్క అర మీద గుండ్రంగా తెల్లటి మచ్చ. జాడీకి పగులు లేదు. మట్టి సరిగ్గా గట్టిపడలేదు, ఆ లోడులో కిల్న్ కింది అర చల్లగా ఉండిపోయింది. లోపల గ్లేజ్ ఉంది కదా అని నేను ధీమాగా ఉన్నాను. గ్లేజ్‌లో కంటికి కనపడని సన్నని పగుళ్లున్నా నీళ్లు దిగుతాయి. అప్పటి నుంచి నీళ్లు పట్టే ప్రతి వస్తువునీ నీళ్లతో నింపి ఒక రాత్రంతా వార్తాపత్రిక మీద ఉంచుతాను. పొద్దున కాగితం పొడిగా ఉంటేనే పెట్టెలోకి.

కొత్త మట్టి వాడుతుంటే ఇంకాస్త చేయండి. గ్లేజ్ లేని ఒక ముక్కని మీ వస్తువులతోపాటే పూర్తి వేడికి కాల్చి, పొడిగా తూకం వేయండి. రెండు గంటలు మరిగించి, చల్లారేదాకా ఆ నీళ్లలోనే ఉంచి, పైతడి తుడిచి మళ్లీ తూయండి. 400 గ్రాముల ముక్క 408 అయితే 2 శాతం నీరు పీల్చిందన్నమాట. నేను స్టోన్‌వేర్‌లో దాన్ని మించనివ్వను. గ్లేజ్ పగుళ్లకీ ఒక మోటు పరీక్ష ఉంది. నమూనా ముక్కని మూడు నాలుగు నిమిషాలు మరుగుతున్న నీళ్లలో, వెంటనే ఐసు నీళ్లలో, ఇలా మూడుసార్లు. ఆ తర్వాత ఇంకు పూసి తుడవండి. చల్లారేటప్పుడు గ్లేజ్ మట్టికన్నా ఎక్కువ కుంచించుకుపోతే ఈ పగుళ్లు వస్తాయి, ఒక్కోసారి కిల్న్ దించిన వారాల తర్వాత. అంటే మీ దగ్గర నున్నగా ఉన్న కప్పు గ్యాలరీ అరలో కూర్చుని నెల తర్వాత గీతలు తేలొచ్చు. తినే, తాగే పాత్రల లోపలి గ్లేజ్‌లో సీసం, కాడ్మియం లాంటివి లేవని చేతి లెక్కతో కాదు, ల్యాబ్ పరీక్షతో తేల్చుకోండి. గ్యాలరీ వాళ్లు దాన్ని అడగరు, కొన్నవాళ్లు అడుగుతారు.

అడుగు అంచు సంగతి మరీ చిన్నది, మరీ ముఖ్యమైనది. గ్లేజ్ లేని ఆ వలయం మీద వేలు తిప్పి నునుపుగా ఉందనుకుంటాం. దాన్ని మీ ముంజేతి లోపలి వైపు చర్మం మీద మెల్లగా రాసి చూడండి, గరుకు అప్పుడు తెలుస్తుంది. పాలిష్ చేసిన బల్ల మీద అటూ ఇటూ జరిపితే అదే గీతలు పెడుతుంది. సిలికాన్ కార్బైడ్ రాయి తీసుకుని, తప్పకుండా తడిపి, అంచు చుట్టూ అరగదీయండి. పొడిగా రుద్దితే లేచే దుమ్ములో సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తుల్లోకి వెళ్తే మళ్లీ బయటికి రాదు.

ధర స్టిక్కరు గురించి కూడా గ్యాలరీకి ముందే చెప్పండి. మెరుపులేని తెల్ల గ్లేజ్ మీద జిగురు అతికితే ఆ మరక వదలదు. నావి మూడు గిన్నెలు అలా పాడయ్యాయి, నాలుగు నెలలు అమ్ముడుపోకపోవడానికి కారణం ఆ మరకేనని వెనక్కి వచ్చాకగానీ తెలియలేదు. ఇప్పుడు దారంతో కట్టే అట్టముక్కలు నేనే పంపుతాను. వాటి వెనక రెండే వాక్యాలు: డిష్‌వాషర్‌లో, మైక్రోవేవ్‌లో పెట్టొచ్చా లేదా, ఏ మట్టి. బంగారు గీత వేసినవాటికి మైక్రోవేవ్ వద్దని పెద్దక్షరాల్లో ఉండాలి, లోహపు పూత అక్కడ నిప్పురవ్వలు చిమ్ముతుంది. మీ జీవితకథ ఆ అట్టముక్క మీద వద్దు.

నలభైలో ఏవి పంపాలి? పదిహేను, ఎక్కువైతే ఇరవై పంపండి. ఖాళీ అయితే వారంలో నింపుతానని చెప్పండి. అమ్ముడవుతూ నిండుతున్న అరని గ్యాలరీ వాళ్లు ముందుకి జరుపుతారు. నలభై ఒక్కసారే పెడితే మూడు నెలలకి ముప్ఫై మిగిలి, చూసిన కళ్లకే మళ్లీ అవే కనిపిస్తాయి. పదిహేనులో రెండు మూడు పెద్దవి, మీరు గర్వపడేవి ఉండాలి. అవి అమ్ముడవ్వకపోయినా దూరం నుంచి మనిషిని అర దగ్గరికి రప్పిస్తాయి. ఐదారు మధ్యరకం, మిగతావి చిన్నవి. చిన్నవాటిని చులకన చేయకండి. 1938లో వియన్నా వదిలి లండన్ చేరిన కుండల కళాకారిణి లూసీ రీ యుద్ధకాలంలో బట్టల దుకాణాలకి సెరామిక్ బొత్తాలు చేసి బతికింది. తర్వాత ఆమె గిన్నెలు మ్యూజియంలకి ఎక్కాయి. సెట్లు మాత్రం పంపేముందు ఆలోచించండి. నాలుగు గిన్నెల సెట్‌లో ఒకటి పగిలితే మిగిలిన మూడూ ఏమిటో ఎవరికీ అర్థం కాదు. పంపితే "విడిగా అమ్మరాదు, ఒకటి పోతే సెట్ పోయినట్టే" అని చిట్టాలో రాయండి. మూతలున్నవాటికి మూతని దారంతో పిడికి కట్టేయండి. లోపమున్నవి, మీకు మాత్రమే కనిపించే లోపమైనా సరే, గ్యాలరీకి వద్దు.

పెట్టాక మర్చిపోకండి. నెలకోసారి నేను పంపే మెసేజ్ దాదాపు ఇదే: "నమస్కారమండీ. గత నెల ఏమేం అమ్ముడయ్యాయో నంబర్లతో పంపగలరా? 14, 17, 22 ఇంకా అరలోనే ఉన్నాయా? 15న వీలుచూసుకుని వస్తాను, కదలనివి తీసుకుని కొత్తవి పెడతాను." ఇందులో డబ్బు మాట లేదు, కానీ నంబర్లు అడిగేసరికి డబ్బు లెక్క దానంతటదే వస్తుంది. మూడు నెలలు కదలని వస్తువుని వెనక్కి తెచ్చేసి మరోచోట పెట్టండి. చోటు మారితే వారంలో అమ్ముడైనవి నా దగ్గర చాలా ఉన్నాయి. వెళ్లినప్పుడు గుడ్డముక్క పట్టుకెళ్లి నేనే దుమ్ము తుడుస్తాను. ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకోవడానికి అదొక సాకు, పెచ్చులూడినవి అక్కడే తెలుస్తాయి. "ఫలానావారు ఇంట్లో పెట్టి చూసుకుంటామంటే ఇచ్చాం" అని ఒక్కోసారి చెబుతారు. మంచిదే, కానీ ఎవరికి, ఎప్పటిదాకా అని చిట్టాలో రాయించండి. అలా వెళ్లి తిరిగి రానివి కూడా ఉన్నాయి.

డబ్బు ఒకసారి ఆలస్యమైతే అడగండి. రెండోసారి ఆలస్యమైతే కొత్త సరుకు ఆపండి. మూడోసారికి బండి తీసుకెళ్లి అన్నీ తెచ్చేసుకోండి, గొడవపడకుండానే. మీ వాటా డబ్బుతో వాళ్లు అద్దె కడుతున్నారంటే ఆ చోటు ఎక్కువకాలం నిలవదు. మూతపడ్డాక అప్పులవాళ్లు వస్తారు, అరల్లో ఉన్నదంతా గ్యాలరీదే అనుకుంటారు. 2007లో న్యూయార్క్‌లో సాలాండర్ ఓరైలీ అనే పెద్ద గ్యాలరీ దివాలా తీసినప్పుడు, అమ్మిపెట్టమని చిత్రాలిచ్చినవాళ్లు తమ సొత్తు తమకి ఇప్పించమని కోర్టుల చుట్టూ తిరిగారు. అమ్మిన డబ్బు యజమానులకి ఇవ్వకుండా వాడేసుకున్న కేసులో ఆ గ్యాలరీ అధిపతి 2010లో జైలుకెళ్లాడు. 2012లో ఆ రాష్ట్రం కళాకారుల వాటాకి రక్షణ పెంచుతూ చట్టాన్ని గట్టి చేసింది. అలాంటి చట్టం అన్నిచోట్లా ఉండదు. లేనిచోట మీ చేతిలో ఉండేది ఆ సంతకం చేసిన చిట్టా ఒక్కటే. మీ గ్యాలరీ అంత పెద్దది కాదు, మీ కప్పులు అంత ఖరీదైనవీ కావు, కోర్టుకి వెళ్లే ఓపిక ఎవరికీ ఉండదు. అందుకే ఒక్కచోట పదిహేను, ఇరవైకి మించి వద్దంటున్నాను.

చివరిగా ప్యాకింగ్, మీరు అడగలేదు కానీ. ఒక్కో వస్తువునీ విడిగా చుట్టి చిన్న పెట్టెలో, ఆ పెట్టెల్ని పెద్ద పెట్టెలో, చుట్టూ కనీసం ఐదు సెంటీమీటర్ల మెత్తతో పెట్టండి. కప్పు లోపల కూడా కాగితం కూరండి, పిడి చుట్టూ వేరుగా ఒక పొర. మూసేసి పెట్టెని ఊపి చూడండి, లోపల ఏదైనా కదిలిన చప్పుడైతే విప్పి మళ్లీ సర్దాలి. పెట్టె మీద "ఖాళీ అయ్యాక దాచండి, తిరుగు ప్రయాణానికి" అని రాసి, అది ఎక్కడ పెడతారో అడిగి చూసి రండి. నా నలభై ఒకటీ తిరిగొచ్చింది ఒకే పెద్ద అట్టపెట్టెలో, మధ్యలో పాత పరదాలు కుక్కి.